చేతులు వెనక్కి పెట్టుకుని సూది బిగించడం

పాత రికార్డులకు మళ్లీ గిరాకీ వచ్చింది. వాటితో పాటు రికార్డ్ ప్లేయర్లు బాగుచేసే పనిలోకి కొత్తవాళ్లూ వస్తున్నారు. వాళ్లలో కొందరు నా దగ్గరికి వచ్చి, "ఏ కార్ట్రిడ్జ్ మంచిది దొరగారూ?" అని అడుగుతుంటారు. చెబుతాను. అయితే ముందుగా ఒక సంగతి తెలియాలి. ఇది రాస్తున్న నా కుడిచేయి రెండేళ్లుగా ఏ రికార్డ్ ప్లేయర్ సూదినీ ముట్టలేదు. ఇక ముట్టదు కూడా. చేతికి వణుకు రాలేదు, పక్షవాతమూ రాలేదు. నలుగురి ముందు ఒక మాట అన్నాను. అన్న మాటకు కట్టుబడి ఉన్నాను. ఆ మాట అనాల్సిన అవసరం మీకు రాకూడదనే ఈ నాలుగు ముక్కలు.

మా తాతగారికి శబరి ఒడ్డున పద్దెనిమిది ఊళ్లు ఉండేవి. మా నాన్నగారికి ఒక మేడ మిగిలింది. నాకు ఒక కుర్చీ, ఒక గ్రామఫోను, నిటారుగా కూర్చునే అలవాటు మిగిలాయి. ఆ మూడింటితో జగదల్‌పూర్ వచ్చి, రేడియోలతో మొదలుపెట్టి, టేప్ రికార్డర్ల మీదుగా మళ్లీ గ్రామఫోను కుటుంబానికే చేరుకున్నాను.

చిన్నగా మాట్లాడే వస్తువు

రికార్డు గాడిలో సూది కదులుతుంది. ఆ కదలికను కరెంటుగా మార్చే చిన్న డబ్బీయే కార్ట్రిడ్జ్. మామూలు రకంలో సూది వెనక అయస్కాంతం కదులుతుంది, తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. మూవింగ్ కాయిల్ రకంలో తీగచుట్టలే కదులుతాయి, అయస్కాంతం స్థిరంగా కూర్చుంటుంది. ఆ చుట్టలు వెంట్రుక కన్నా సన్నని తీగతో చేసినవి. బరువు లేనివి కనుక రికార్డులోని ఏ చిన్న మెలికనూ వదిలిపెట్టవు. పద్యం ఎత్తుకునే ముందు గాయకుడు ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తుంది.

కానీ ఈ రకం గట్టిగా మాట్లాడదు. మా తాతగారూ అంతే. ఆయన గొంతు పెంచడం ఎవరూ వినలేదట. ఆయన పెదవి కదిపితే, పక్కన నిలబడ్డ వీరన్న అనే నౌకరు ఆ మాటను వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అరిచి చెప్పేవాడట. మూవింగ్ కాయిల్‌కూ ఒక వీరన్న కావాలి. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ అనే చిన్న పెట్టె ఆ పని చేస్తుంది. కొన్ని ఆంప్లిఫయర్లలో వీరన్న లోపలే ఉంటాడు, వెనక ఒక మీట నొక్కితే పలుకుతాడు. ఈ సంగతి చూసుకోకుండా కార్ట్రిడ్జ్ కొనకండి.

కొంటాలో బట్టల వ్యాపారి సాంబయ్య సేఠ్ నన్ను అడక్కుండా ఒకటి తెప్పించుకున్నాడు. మర్నాడే ఫోన్.

"ఏంది దొరా, ఇంత పెట్టి మూగదాన్ని తెచ్చుకున్ననా నేను?"

బస్సెక్కి తోంగ్‌పాల్, సుక్మా దాటి కొంటా చేరాను. సేఠ్ అంగట్లోనే రికార్డు పెట్టి, వాల్యూం పూర్తిగా తిప్పి, స్పీకర్‌కు చెవి ఆనించి కూర్చున్నాడు.

"జర జర వినొస్తుంది దొరా. లోపల ఎవలో గుసగుస పెడుతున్నరు. నా గురించేనేమో."

ఆంప్లిఫయర్ వెనక చెయ్యి పెట్టి చూశాను. మీట మామూలు రకం వైపు ఉంది. అవతలి వైపుకు నొక్కాను. వాల్యూం తగ్గించకుండా నొక్కాను. ఆ గొంతుకు అంగట్లో చీర బేరమాడుతున్న ఆవిడ, చీర చేతిలో పట్టుకునే రోడ్డు మీదికి పరిగెత్తింది. సేఠ్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

"ఇప్పుడు మూగది కాదు సేఠ్," అన్నాను, చొక్కా సర్దుకుంటూ.

"ఏమన్నవు?" అన్నాడు సేఠ్.

ఆ రోజంతా అదే మాట అన్నాడు. ఏ మీట ముట్టినా, ఏ తీగ పీకినా, ముందు వాల్యూం సున్నాకు తిప్పండి. స్పీకర్లు పోతే కొత్తవి వస్తాయి. సేఠ్ చెవులు రావు.

మిశ్రాజీ దగ్గర నేర్చుకున్నది, నేర్చుకోనిది

సొంత దుకాణం పెట్టకముందు మిశ్రాజీ రేడియో మరమ్మతు దుకాణంలో పనిచేశాను. మొదటి రోజు నా కుర్చీ నేనే తీసుకుని వెళ్లాను. ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి హిందీలో అన్నాడు: "రాజా సాబ్, కుర్చీ తెచ్చుకున్నారు, బాగుంది. స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నారా, లేక దాన్ని పట్టుకునే మనిషి వెనక వస్తున్నాడా?"

నాకు కోపం వచ్చింది. కుర్చీలోనే కూర్చుని ఆ కోపంతోనే మూడు రేడియోలు బాగుచేశాను. మిశ్రాజీ మూడింటినీ విప్పి చూసి, "కోపం వస్తే మీరు బాగా పనిచేస్తారు," అని ఆ తర్వాత ప్రతి ఉదయం ఏదో ఒకటి అని కోపం తెప్పించేవాడు. పై అధికారి అంటే అలా ఉండాలి.

ఆయన నియమం ఒకటి ఉంది. మీరు గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. "ముందు నీ తప్పు వెతుకు. దొరక్కపోతే సామాను తప్పు వెతుకు. అదీ దొరక్కపోతే మళ్లీ నీ తప్పు వెతుకు." నేను అప్పుడు తల ఊపాను. తల ఊపడం వేరు, నేర్చుకోవడం వేరు.

నా మొదటి మూవింగ్ కాయిల్‌ను నేనే చంపాను. ఈ రకం అయస్కాంతం చాలా బలమైనది. ఇనుప స్క్రూడ్రైవర్‌తో మర బిగిస్తుంటే, నా చేతిలోంచి ఎవరో లాగినట్టు ఆ స్క్రూడ్రైవర్ కార్ట్రిడ్జ్ మీదికి దూకింది. సూదిని పట్టుకున్న పుల్ల, మీసమంత సన్ననిది, విరిగింది. మామూలు రకంలో సూదిని విడిగా లాగి కొత్తది పెట్టుకోవచ్చు. ఇందులో కుదరదు. మొత్తం డబ్బీ మార్చాలి, లేదా మళ్లీ సూది కట్టేవాడి దగ్గరికి ఎక్కడికో పంపాలి. అప్పటినుంచి ఇత్తడి స్క్రూడ్రైవర్ వాడాను. ఆ అయస్కాంతానికి ఇనుమంటే ఎంత ఆకలో నాకు బాగా తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఎంచుకోవడం గురించి ఇంకో ముక్క. ఈ రకం సూదులు చాలావరకు కాస్త బిగుతుగా ఉంటాయి. కార్ట్రిడ్జ్‌ను మోసే కడ్డీ, అంటే ఆర్మ్, బరువైనదైతేనే నిలకడగా నడుస్తాయి. తేలికపాటి ఆర్మ్‌కు బిగిస్తే వంకర రికార్డు మీద పడవలా ఊగుతాయి. ఎంత బరువు మోపాలో డబ్బీతో వచ్చిన కాగితంలో ఉంటుంది, సాధారణంగా రెండు గ్రాములకు కాస్త అటూ ఇటూ. సూది అరుగుతుందని ఆ బరువు తగ్గించేవాళ్లున్నారు. తగ్గిస్తేనే సూది గాడిలో గెంతి రికార్డును గీరుతుంది. పొదుపు ఇక్కడ పనికిరాదు.

రత్నంగారి ఇంటి మూత

ఇక అసలు కథ. రత్నంగారు ఇనుప గనిలో ఇంజనీరు. ఆంధ్రా నుంచి వచ్చి కొండ కింద టౌన్‌షిప్‌లో స్థిరపడ్డ మనిషి. పాత పద్యాల రికార్డులంటే ప్రాణం. నా సలహా మీద మంచి మూవింగ్ కాయిల్ కొన్నారు. నేను స్వయంగా వెళ్లి బిగించాను. ఐదు గంటలు పట్టింది. కోణాలు సరిచూశాను. బరువు చూశాను. గదంతా నడిచి, నేల అదరని చోటు కిటికీ పక్కన ఉందని తేల్చి ప్లేయర్‌ను అక్కడ పెట్టించాను.

చివరగా ప్లేయర్ మీది ప్లాస్టిక్ మూత ఊడదీశాను. మూత ఉంటే అది కూడా శబ్దంతో పాటు అదురుతుందని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. సూదితో పాటు వచ్చిన చిన్న తొడుగునూ పక్కన పెట్టించాను, దాన్ని పెట్టబోయే సగంమంది సూది విరుస్తారు కనుక.

ఆ ఇంట్లో వంటా ఊడ్పూ చూసే బుద్రి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. కొంటా వైపు దోర్లా తెగ మనిషి, తెలుగు బాగా మాట్లాడుతుంది.

"మూత తీసుకపోతున్నవా దొరా? దుమ్ము పడదా?"

"సంగీతానికి ఊపిరి ఆడాలి బుద్రీ."

"ఊపిరి ఆడితే దుమ్ము కూడ ఆడ్తది."

నేను వెళ్లాక ఎవరైనా మూత మళ్లీ పెట్టేస్తారేమోనని దాన్ని నాతో పాటు జగదల్‌పూర్ తెచ్చేశాను. మా ఆవిడ సుభద్ర అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరిచ్చారండీ? వడియాలకు చక్కగా సరిపోతుంది," అంది. డాబా మీద ఎండుతున్న వడియాల మీద దాన్ని బోర్లించింది. కాకులు చుట్టూ తిరిగి చూసి వెళ్లిపోయేవి. ఆ మూత చేసిన మేలు అక్కడికే.

రెండు నెలలు గడిచాయి. కొత్త సూది వినిపించడానికి రత్నంగారు తోటి ఇంజనీర్లను ఒక ఆదివారం సాయంత్రం పిలిచారు. నన్నూ రమ్మన్నారు. పిలుస్తూ, "ఈ మధ్య గొంతు కాస్త బొంగురుపోయిందండీ," అన్నారు.

"రికార్డు మురికిగా ఉండి ఉంటుంది," అన్నాను.

"తుడిచానండీ."

"అయితే వోల్టేజీ," అన్నాను. మిశ్రాజీ నియమంలో మొదటి వాక్యం అప్పటికే దాటేశాను.

ఆదివారం గది నిండా జనం. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. "కార్ట్రిడ్జ్ బిగించింది దొరగారే," అని రత్నంగారు పరిచయం చేశారు. నేను తల కాస్త వంచాను. రికార్డు మొదలైంది. గాయకుడు నోట్లో గుప్పెడు మరమరాలు పోసుకుని పద్యం ఎత్తుకున్నట్టుంది. పైస్థాయికి వెళ్లేసరికి ఆ మరమరాలు నమలడం మొదలుపెట్టాడు.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో ఒకాయన, "ఆ రోజుల్లో అలాగే పాడేవారేమో," అన్నాడు మర్యాదగా.

నేను లేచాను. తీగలు చూశాను. ఎర్త్ చూశాను. స్టెప్-అప్ పెట్టె మార్చి చూశాను. ఆర్మ్ బరువు చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సూదినీ వంగి చూశాను, కళ్లద్దాలు లేకుండా. అవి సంచిలో ఉన్నాయి. మా వంశంలో మగవాళ్లు నలుగురి ముందు కళ్లద్దాలు పెట్టుకోలేదు. తాతగారు కాగితాలు చదివించుకునేవారు. సూదిని చదివించుకోవడం ఎలాగో ఆయన చెప్పలేదు.

"రికార్డు అరిగిపోయింది," అన్నాను.

రత్నంగారు వెళ్లి ఇంకో రికార్డు తెచ్చారు. విప్పని కవర్‌లో ఉన్నది. అందులో గాయని కూడా మరమరాలే తింటోంది.

అప్పుడు ఒక కుర్ర ఇంజనీరు, నా మంచి కోరే, "బిగించడంలోనే ఏదైనా తేడా ఉందేమో చూడండి సార్," అన్నాడు.

ఆ మాటకు గదిలో కొందరు నా వైపు చూశారు. పద్దెనిమిది ఊళ్లూ లేచి నా వెనక నిలబడ్డట్టనిపించింది. వెన్ను ఇంకాస్త నిటారుగా పెట్టి, ఈ చేయి ఎత్తి, అందరికీ వినపడేలా అన్నాను:

"తప్పు నాదని తేలితే, ఈ చేత్తో ఇక ఏ సూదినీ ముట్టను."

వీరన్న అక్కర్లేకుండానే ఆ మాట వాకిలి దాకా వినపడింది. రత్నంగారు కంగారుపడి, "అయ్యయ్యో, అంత మాటెందుకండీ, కూర్చోండి, టీ తాగండి," అన్నారు.

టీ పళ్లెంతో బుద్రి వచ్చింది. నాకు గ్లాసు అందిస్తూ ప్లేయర్ వైపు వంగి చూసింది. ఇంకాస్త వంగింది.

"ఏంది దొరా, సూదికి గడ్డం మొలిసింది!"

"గడ్డమేమిటి?"

"సూడు మరి. ముసలాయన గడ్డం లెక్క. కళ్లజోడు పెట్టుకోని సూడు, సంచిల ఉన్నదిగా."

కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. వంగి చూశాను. సూది చుట్టూ, కార్ట్రిడ్జ్ అడుగునంతా, నల్లటి సన్నని రవ్వ నిలువునా పేరుకుని ఉంది. నిజంగానే గడ్డం. ఆ గడ్డంలో చిక్కుకున్న సూది గాడిలో స్వేచ్ఛగా కదల్లేక నానా అవస్థ పడుతోంది.

బుద్రి వంటింట్లోకి వెళ్లి ఒక గుండ్రటి అయస్కాంతం తెచ్చి నా చేతిలో పెట్టింది. దానికీ అలాంటి గడ్డమే.

"గుర్తు పట్టినవా? నువ్విచ్చిందే. మునుపు ఈ ఇంట్ల పాత స్పీకర్ పగిలిననాడు తీసిచ్చి, 'ఇంట్ల ఇనుము ఎక్కడున్నా పట్టుకుంటది' అని చెప్పినవ్. డాబా మీద బియ్యం ఎండబోస్తే నేను దీన్నే తిప్పుత. కొండ మీది పొడి పడ్తది గద. అండ్ల ఎర్రది అట్లనే ఉంటది, నల్లది వచ్చి దీనికి అంటుకుంటది."

ఇనుప గని కింద ఉన్న ఊరు. కొండ వైపు తెరిచిన కిటికీ. మూత లేని ప్లేయర్. దాని కొసన ఇనుముకు ఆకలిగొన్న అయస్కాంతం. వీటన్నిటినీ ఒక్కచోటికి చేర్చింది నేను. ఐదు గంటలు కష్టపడి చేర్చాను.

"తప్పు నాది," అన్నాను.

ఇంత చిన్న వాక్యం. నలభై ఏళ్ల వృత్తిలో కస్టమర్ ముందు అదే మొదటిసారి అనడం.

"సరే, శుభ్రం చేసెయ్యండి, అయిపోతుంది," అన్నారు రత్నంగారు ఊపిరి పీల్చుకుని.

"నేను ముట్టను."

"దొరగారూ! కోపంలో అన్నదండీ అది."

"మా ఇంట్లో మిగిలింది మాట ఒక్కటే రత్నంగారూ."

"మాట మిగిలింది సరే," అంది బుద్రి. "మూత ఏది?"

అప్పుడు నవ్వారు జనం. వడియాల సంగతి చెప్పలేదు. "భద్రంగా ఉంది," అన్నాను. అబద్ధం కాదు.

చూపుడువేలు కూడా పనిముట్టే

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మరి చేసేదెవరు? రత్నంగారు సూదిని చూసి రెండడుగులు వెనక్కి వేశారు. కుర్ర ఇంజనీరు తన మాట వల్లే ఇంత జరిగిందని మూలకు చేరాడు. బుద్రి చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకొచ్చింది.

"చపాతి పిండి అద్దితే వస్తదా?"

"వద్దు! తడి తగలకూడదు." ఈ మాట మాత్రం నేను అరిచాను. గోడకు పటాలు అంటించే మెత్తటి జిగురు ముద్ద రత్నంగారి బల్ల మీద ఉంది. అది తెప్పించాను. ముందు మెత్తని పొడి కుంచెతో వెనకనుంచి ముందుకు, ఎప్పుడూ వెనకనుంచి ముందుకే. పక్కలకు తోస్తే పుల్ల విరుగుతుంది. ఆ తర్వాత ఆర్మ్ మీటతో సూదిని ఆ ముద్ద మీదికి నెమ్మదిగా దింపి, ఎత్తి, మళ్లీ దింపాలి. నేను చెబుతున్నాను, ఆమె చేస్తోంది. బియ్యంలో రాయి ఏరిన వేళ్లు అవి. నా వేళ్ల కన్నా తేలిగ్గా పడ్డాయి.

రికార్డు మళ్లీ పెట్టారు. పద్యం ఎత్తుకునే ముందు గాయకుడు ఊపిరి పీల్చాడు. గదిలో అందరికీ వినపడింది. రత్నంగారు కళ్లు మూసుకున్నారు. నాకు ఆనందించాలో ఏడవాలో తెలియలేదు. కళ్లద్దాలు ఉన్నాయి కనుక ఎవరికీ తెలియలేదు.

ఆ రోజుతో నా దుకాణం తాళాలు ఇంకొకరికి అప్పగించాను. అయినా పిలుపులు ఆగలేదు. పిలిచిన ఇంటికి వెళ్తాను. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, యజమాని చేతే సూది బిగింపిస్తాను. మొదట భయపడతారు. తర్వాత వాళ్లే చేసుకుంటారు, నన్ను మళ్లీ పిలవరు. వ్యాపారంగా ఇది నష్టం. పనిగా ఇంతకన్నా మంచిది నేనెప్పుడూ చేయలేదు.

ఏ కార్ట్రిడ్జ్ కొనాలని అడిగేవాళ్లకు ఇప్పుడు నా జవాబు ఇది. ఆంప్లిఫయర్ చూడండి, ఆర్మ్ చూడండి, అవి సరిపోతేనే మూవింగ్ కాయిల్ మాట ఎత్తండి. అంతకన్నా ముందు ఆ ఇల్లు ఊడ్చే మనిషితో మాట్లాడండి. ఆ ఇంట్లో ఏ దుమ్ము పడుతుందో, ఏ కిటికీ నుంచి పడుతుందో ఆ మనిషికే తెలుసు. కళ్లద్దాలు సంచిలో కాదు, ముక్కు మీద ఉండాలి. మూత కస్టమర్ ఇంట్లోనే ఉండాలి. పాట వినేటప్పుడు తీసి, విన్నాక పెట్టమనండి. నా నమ్మకమూ నిలుస్తుంది, సూదీ నిలుస్తుంది.

ఆ ఆదివారం తరువాతి వారమే మూత పట్టుకుని టౌన్‌షిప్‌కు వెళ్లాను. సుభద్ర ఊరికే ఇవ్వలేదు. బదులుగా పెద్ద జల్లెడ కొనిపించుకుంది. బస్సులో ఒళ్లో మూత పెట్టుకుని నిటారుగా కూర్చుంటే, పక్కసీటాయన, "ఎవరి ఫోటో అండీ, ఫ్రేమ్ కట్టించాలా?" అని అడిగాడు.

రత్నంగారి ఇంట్లో మూత బిగించారు. ప్లేయర్‌ను కిటికీ దగ్గరనుంచి లోపలి గోడకు మార్చారు. పాట కోసం మూత ఎత్తారు, రికార్డు తిరుగుతోంది. సూది గాడిలోకి దిగబోతూ ఒక్క వెంట్రుకవాసి పక్కకు వంగినట్టనిపించింది. నలభై ఏళ్ల అలవాటు. నా కుడిచేయి దానంతటదే ముందుకు లేచింది.

వంటింటి గుమ్మంలోంచి వినపడింది.

"చేతులు యెనక్కి, దొరా."